చిన్ని ఎట్ల పడ్డది?

పోయిన వారం భాగంలో అతియాను వేములవాడ బస్టాండులో నిలబెట్టి వచ్చాం. కథలాపూర్ మీదుగా వచ్చిన కోరుట్ల బస్సు దిగి, సిరిసిల్ల బస్సు కోసం ఎదురుచూస్తోంది. చుట్టూ రాజన్న గుడిలో కోడెను కట్టే కోడెమొక్కు చెల్లించుకుని తిరుగుముఖం పట్టిన జనం, గుండ్ల మీద గంధం ఇంకా ఆరని పిల్లలు. ఆమె భుజాన సంచి. సంచిలో ఇంకా అచ్చుకు ఎక్కని మూడు వందల పన్నెండు పేజీల కట్ట.

ఆ కట్ట 'నడిచే గుట్ట' నవల రెండో భాగం. మొదటి భాగం వచ్చి మూడేళ్లయింది. జగిత్యాల కాలేజీ పిల్లల దగ్గర్నుంచి కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల దాకా చేతులు మారి, అట్టలు ఊడిపోయిన పుస్తకం అది. ఏటా తొలి వానకు ఒక్క అడుగు ముందుకు వేసే గుట్ట. దాని మీద ఏడు పల్లెలు. ఆ గుట్ట అడుగుల చప్పుడు ముందుగానే వినగలిగే మైసి, ఆమె వెంట తోకలా తిరిగే చెల్లెలు చిన్ని. కథ చివర్లో గుట్ట అడుగు వేస్తుండగా బండ పగిలి, చిన్ని కాలు జారి లోయలో పడిపోతుంది. మైసి ఒక్కతే మిగిలి గుట్టకు కాపరి అవుతుంది. చిన్ని చచ్చిందా, బతికిందా? మూడేళ్లుగా చదివినవాళ్లందరికీ ఇదొక్కటే ప్రశ్న.

ఆ నవలను నలుగురి కంటే ముందు గుర్తుపట్టింది అతియానే. కోరుట్ల టైలర్ హుస్సేన్ కూతురు. జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే ఇరవయ్యేడేళ్ల పిల్ల. ఆమె రాసిన సమీక్ష ఫోన్ల మీద ఊరూరూ తిరిగాకే పుస్తకం కోసం జనం వెతుక్కున్నారు. అందుకే పబ్లిషర్ మహేందర్ రెండో భాగం కట్టను మొదట ఆమె చేతిలోనే పెట్టాడు. ఆదివారం జగిత్యాలలో ఆవిష్కరణ, నువ్వే మాట్లాడాలి అన్నాడు. రేపు పొద్దున అచ్చు మొదలు.

అతియా రెండు రోజుల్లో రెండుసార్లు చదివింది. ఆదివారం దాకా ఆగడం ఆమె వల్ల కాలేదు. ఫోన్లో చెప్పే మాట కాదని రచయిత్రి ఇంటికే బయలుదేరింది.

సిరిసిల్ల బస్సు వచ్చింది. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు కొట్టి ఇస్తూ కండక్టర్ ఆమె ఒళ్లోని కట్ట మీద పేరు చూసి ఆగిపోయింది. చొక్కా మీద 'తేజస్విని' అని బిళ్ల.

"మేడం, గిది రెండో భాగమా? ఇంకా రాలేదంటున్నరు గదా!"

"ఆదివారం వస్తది."

"ఒక్క మాట చెప్పుండ్రి. చిన్ని బతుకుతదా?" వెనక ఎవరో టికెట్టు కోసం కేకేస్తున్నా ఆ పిల్ల కదల్లేదు. "మా డిపోల రెండు జట్లయినం. డ్రైవర్లంత సచ్చిపోయిందంటరు. మేం మాత్రం బతికే ఉన్నదంటున్నం."

అతియా నవ్వి ఊరుకుంది. ఈ కట్టలో చిన్ని బతుకుతుంది. నూట నలభయ్యో పేజీలో నవ్వుకుంటూ తిరిగొస్తుంది. కానీ ఆ వచ్చిన తీరు చదివితే ఈ కండక్టర్ పుస్తకం మూసి పక్కన పెడుతుందని అతియాకు గట్టి నమ్మకం. చదవడంలో తన తీర్పు తప్పుతుందన్న భయం ఆమెకు ఎప్పుడూ లేదు. ఇంతవరకు తప్పలేదు కూడా.

శోభ ఇల్లు సిరిసిల్లలో మరమగ్గాల గల్లీల మధ్య. ఇంటికి ఆనుకునే రేకుల షెడ్డు. అందులో ఆమె భర్త సంపత్ నడిపే మరమగ్గాలు, ఆ ఊరి మాటలో సాంచాలు. వాటి చప్పుడు పొద్దస్తమానం ఆగదు. ఆ ఇంట్లో వాళ్లు మామూలు మాట కూడా ఒక మెట్టు గొంతు పెంచే మాట్లాడతారు. ముందు గదిలో కుట్టుమిషన్, దాని పక్కన నడుమెత్తు లంగాల బట్ట. రోజంతా లంగాలు కుట్టే ఈ నలభై నాలుగేళ్ల మనిషే ఆ గుట్టను నడిపించిందంటే, మొదటిసారి జగిత్యాల సభలో చూసినప్పుడు అతియా నమ్మలేకపోయింది. ఇంటికి రావడం మాత్రం ఇదే మొదలు.

వెనక గది గడప పక్కన ఒక ముసలామె చరఖా తిప్పుతూ కండెలకు దారం చుడుతోంది. వచ్చిన మనిషి వైపు ఒకసారి చూసి మళ్లీ తన పనిలో పడింది.

"మా అత్తమ్మ, ఎల్లవ్వ," అంది శోభ. చాయ్ గ్లాసు చేతికిచ్చి, కుట్టుమిషన్ ముందు కూర్చుంది. "ఫోన్ల చెప్తే అయిపోవు గదా అతియా. గింత ఎండల అచ్చినవ్."

"ఫోన్ల చెప్పేది కాదక్కా."

శోభ చేతిసూదిలోకి దారం ఎక్కిస్తూ, కళ్లెత్తకుండానే అడిగింది. "ఎట్లున్నది?"

మూడేళ్ల కష్టం ఆ ఒక్క మాటలో ఉంది. అతియాకు అది తెలుసు. తెలిసే, మెత్తని మాట కోసం వెతుక్కోలేదు.

"బాగలేదక్కా."

శోభ చేతిలో దారం సూది బెజ్జం తప్పింది. మళ్లీ ఎక్కించబోయింది. మళ్లీ తప్పింది.

"మహేందర్ సార్ మస్తున్నదన్నడు."

"సార్ మంచోడు. హాలు తీసుకున్నడు, కరపత్రాలు పంచిండు. గింత చేసినంక ఆయనకు బాగుండాలె." అతియా కట్ట విప్పి మధ్యలో మడిచిన కాగితాలు బయటికి తీసింది. "నూట నలభయ్యో పేజీ. చిన్ని పడంగనే ఒక గద్ద వచ్చి ఎత్తుకపోయింది, దాని గూట్ల పెట్టి సాదింది అని రాసిండ్రు. గా గద్ద ఎక్కడిది?"

"గుట్ట మీద గద్ద ఉండదా?"

"ఉండదు. మీరే చెప్పిండ్రు. మొదటి భాగం మూడో అధ్యాయంల, గుట్ట కదులుతదని ఒక్క పిట్ట గూడ గూడు కట్టదు, పల్లెటోళ్లు పిట్టపాట ఎట్లుంటదో ఎరగరు అని. మైసి మొదటిసారి కిందికి దిగినప్పుడు కోయిల కూస్తే భయపడి ఏడుస్తది. నేను గా పేజీ మా పిల్లలకు క్లాసుల సదివి వినిపించిన. ఇప్పుడు గద్ద వస్తే గా ఏడుపు ఏమైపోవాలె?"

శోభ మళ్లీ సూదిలోకి దారం పెట్టబోయింది.

"ఇంకోటి. మైసి ఈ దాంట్ల పదకొండుసార్లు నిట్టూర్చింది. లెక్కవెట్టిన. మొదటి దాంట్ల ఒక్కసారి గూడ నిట్టూర్చలే. కోపమొస్తే రాయి తీసి ఇసిరికొట్టేది. గా పిల్ల నిట్టూర్చే పిల్ల కాదక్కా."

"చాలు." శోభ సూదిని బట్టలో గుచ్చి వదిలేసింది. ఆమె గొంతు సాంచాల చప్పుడు మీదికి లేచింది. "నీకేం, సదివి చెప్తవ్. మూడేండ్ల సంది నన్ను ఎంతమంది అడిగిండ్రో ఎరికేనా? కూరగాయల కాడ అడుగుతరు, బ్యాంకుల అడుగుతరు. చిన్నిని బతికియ్యి, చిన్నిని బతికియ్యి. కథలాపూర్‌ల ఒక పిల్ల ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. అందరు అడిగిందే రాసిన. తప్పా?"

"బతికించుడు తప్పు కాదు. గద్ద తప్పు."

"మరి ఎట్ల బతికియ్యాలె? నువ్వే చెప్పు!"

"నాకు తెల్వదు. మీకు గూడ తెల్వదు. తెలిసినోళ్లు రాస్తే గిట్లుండదు." అనేసి అతియా ఆగింది. రెండు రోజులుగా లోపల తిరుగుతున్న అనుమానం నాలుక చివరిదాకా వచ్చింది. ఈ మాట అంటే ఈ ఇంటి గడప మళ్లీ తొక్కనివ్వరేమో. అయినా అడిగింది. "అక్కా, తప్పుగ అనుకోవద్దు. రెండు పుస్తకాలు ఒక్క మనిషివి కావు. మొదటిది ఎవరిది?"

శోభ లేచి నిలబడింది. "అంటే? నేను దొంగతనం చేసిన్నంటున్నవా? నా చేత్తోని రాసిన. నాలుగు నోటుబుక్కులున్నయ్, తెచ్చి సూపియ్యాల్నా?"

"రాసింది అదే, బిడ్డా."

మాట వెనక గది గడప నుంచి వచ్చింది. చరఖా ఆగలేదు. ఎల్లవ్వ దారం మీది చూపు తిప్పకుండానే అంది. "రాసింది అదే. చెప్పింది నేను."

 శోభ మళ్లీ కూలబడింది. కోపం దిగిపోయిన మొహంలో ఏదో పెద్ద బరువు దించుకున్న అలసట కనిపించింది.

"దాచుడేమున్నది ఇగ," అంది నెమ్మదిగా. "నేను పెండ్లయి అచ్చినప్పుడు ఈమె కండెలు చుట్టుకుంట చెప్పేది. నేను లంగాలు కుట్టుకుంట వినేదాన్ని. రోజింత. గుట్ట, ఏడు పల్లెలు, అక్కచెల్లెండ్లు. ఎక్కడా విన్న కత కాదు. ఇరవై ఏండ్లు ఇన్నంక, పోనియ్యొద్దని రాసిపెట్టిన. నీ పేరు పెడదాం అత్తమ్మా అన్న. వద్దన్నది."

"పేరెందుకు నాకు," అంది ఎల్లవ్వ.

"రెండో భాగం అందరు అడుగుతుండ్రు, మిగిలిన కత చెప్పు అని మూడేండ్లు కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. మర్చిపోయిన అంటది. ఇగ నేనే అల్లుకున్న. నాకొచ్చిన కాడికి రాసిన."

అతియా గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్లి గడప పక్కన నేల మీద ముసలామె ఎదురుగా కూర్చుంది. డెబ్బై ఏళ్లుంటాయి. చేతులు మాత్రం చూపు అవసరం లేకుండా పనిచేసుకుపోతున్నాయి.

"అవ్వా, నిజంగనే మర్చిపోయినవా?"

"ఏ ఊరు నీది?"

"కోరుట్ల. నా పేరు అతియా."

"సాయిబుల పిల్లవా? మాట మంచిగున్నది." ఎల్లవ్వ నిండిన కండెను తీసి గంపలో వేసి, కొత్తది తొడిగింది. "మర్చిపోవుడు ఎట్లయితది బిడ్డా. గని అండ్ల ఏం రాసిండ్రో నాకెట్ల తెలుస్తది? నాకు సదువు రాదు. ఊరంత సదివిండ్రట. బస్సులల్ల సదివిండ్రట. నాకు ఎవ్వలు సదివి చెప్పలే. పుస్తకం అచ్చిన నాడు, ఒక్కపారి ఇనిపియ్యవే అన్న. రేపు అత్తమ్మా అన్నది. గా రేపు ఇంకా రాలే."

అతియా వెనక్కి తిరిగి చూసింది. శోభ తల దించుకుని లంగా బట్ట అంచు మడతలు పెడుతోంది. ఊరూరా చదివిన పుస్తకాన్ని, అది పుట్టిన నోటికి మాత్రం ఎవరూ వినిపించలేదు. అతియాకు మరుక్షణమే ఏం చేయాలో తెలిసిపోయింది.

"నేను వినిపిస్త అవ్వా. ఇప్పుడే."

సంచిలో మొదటి భాగం ఎప్పుడూ ఉంటుంది. పేజీల నిండా పెన్సిలు గీతలతో, పొంగిపోయి. మొత్తం చదివే వ్యవధి లేదు కాబట్టి మొదటి అధ్యాయం చదివి, మధ్యలో రెండు చదివి, చివరికి వస్తానంది. ఎల్లవ్వ తల ఊపింది.

అతియా చదివింది. క్లాసులో నలభై మందిని కదలకుండా కూర్చోబెట్టే గొంతు ఆమెది. సాంచాల చప్పుడును దాటుకుని ఆ గొంతు గదంతా పరుచుకుంది. రెండో పేజీకే ఎల్లవ్వ పెదాలు కదలడం మొదలయ్యాయి. అతియా వాక్యం పూర్తిచేసేలోపే ఆమె సగం మాట అందుకుంటోంది. మైసి రాయి విసిరి పెద్దకాపు పగిడి పడగొట్టిన చోట పళ్లు లేని నోటితో గట్టిగా నవ్వింది. "నేను తలపాగ అన్న. పగిడి అని రాసిందా? ఉండని, మంచిగున్నది," అంది. కోయిల కూత విని మైసి ఏడ్చిన చోట నవ్వు ఆగింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

మధ్యాహ్నం దాటింది. శోభ రెండుసార్లు లేచి లోపలికి వెళ్లి వచ్చింది. చివరికి ముందున్న అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి, "ఇగ చాలు అతియా," అంది. "అత్తమ్మకు అలసటయితది."

"నాకేం కాలే. సదువు," అంది ఎల్లవ్వ.

"రేపు సదువుకుందాం..."

"నీ రేపులు నాకెరికె. సదువు బిడ్డా."

అతియా చదివింది. "తొలి చినుకు పడింది. గుట్ట ఎడమ కాలు ఎత్తింది. అక్కచెల్లెళ్లు నిలుచున్న బండ నడిమికి పగిలింది. చిన్ని కాలు జారింది. 'అక్కా' అని అరిచింది. మైసి బోర్లా పడి కుడిచేయి చాపింది. చేయి అందలేదు. చిన్ని లోయలోకి..."

చరఖా ఆగిపోయింది.

వచ్చినప్పటి నుంచి, కండె మార్చడానికి తప్ప ఆ చక్రం ఆగడం అతియా చూడలేదు. తల ఎత్తింది. ఎల్లవ్వ ఆమె వంకే చూస్తోంది.

"మల్లొక్కపారి సదువు."

"మైసి బోర్లా పడి కుడిచేయి చాపింది. చేయి అందలేదు."

"అందలేదని ఉన్నదా?"

"అట్లనే ఉన్నదవ్వా."

"అందింది," అంది ఎల్లవ్వ. గొంతు పెంచలేదు. "చెయ్యి అందింది. పట్టుకున్నది. గట్టిగనే పట్టుకున్నది. పట్టుకున్నంక ఇడిసిపెట్టింది."

అతియా చేతిలో పుస్తకం ఒళ్లోకి జారింది. ఆమెకు చివరి అధ్యాయం కళ్లముందు కదిలింది. చెల్లెలు పోయాక మైసి కుడిచేయి కొంగులో దాచుకుంటుంది. ఎడమచేత్తో అన్నం తింటుంది. కాపరి పట్టం కట్టేటప్పుడు కూడా ఆ చేయి బయటికి తీయదు. లోయ వైపు ఒక్కసారి తొంగిచూడదు. మూడేళ్ల కింద అతియా తన సమీక్షలో రాసింది ఆ చేతి గురించే. దుఃఖాన్ని ఇంత తక్కువ మాటల్లో చూపిన రచన తాను చదవలేదని. ఆ మాటే వేలమంది నోళ్లలో తిరిగింది. ఆమెకు పేరు తెచ్చింది.

అది దుఃఖం కాదు. తప్పు చేసిన చేయి.

"నేను తప్పు సదివిన," అంది పైకే. సిగ్గు వేస్తుందేమో అనుకుంది గానీ, లోపల సిగ్గు కంటే ముందు మరొకటి లేచింది. తాళం తెరుచుకున్నట్టు, రెండు పుస్తకాలూ ఒక్కసారిగా అర్థమైన సంతోషం. శోభ వైపు తిరిగింది. "అక్కా, మిగిలినదంత అవ్వ చెప్పినట్టే రాసిండ్రు. చెయ్యి దాచుకునుడు, ఎడమ చేత్తోని తినుడు. గా ఒక్క మాటే మార్చిండ్రు గదా?"

శోభ గోడకు ఆనుకుని నిలబడింది. "ఒక్క మాటే," అంది. "అత్తమ్మ చెప్పిన నాడు నాకు చెమటలు పట్టినయ్. అక్క గట్ల చేస్తదా? సదివేటోళ్లు మైసిని తిట్టుకుంటరనిపించింది. పిల్లలు సదువుతరు గదా. అందలేదు అని రాసిన. రాసినంక ఈమె ముందల సదువుతానికి నోరు రాలే. రేపు, రేపు అనుకుంట మూడేండ్లయింది."

"అందుకే మర్చిపోయిన అన్న," అంది ఎల్లవ్వ. "సదివి ఇనిపియ్యలేదంటే ఏదో మార్చిందనే కదా. ఏం మార్చిందో తెల్వకుంట ముంగటి కత ఎట్ల చెప్పాలె?"

శోభ వచ్చి అత్త పక్కన కూర్చుంది. కుట్టి కుట్టి గరుకెక్కిన వేళ్లతో ఆమె మోకాలు పట్టుకుంది. క్షమించమని అడగలేదు. ఎల్లవ్వ కూడా ఏమీ అనలేదు. తన చేయి తీసి కోడలి చేతి మీద వేసింది. అంతే.

అతియానే మొదట మాట్లాడింది. ఈసారి ఆమె మాటలో తడబాటు ఎక్కడా లేదు.

"ఇప్పుడు రెండో భాగమేందో నాకు తెలిసింది. గద్ద లేదు, గూడు లేదు. చిన్ని పడ్డది, కాలు ఇరిగింది, గని బతికింది. ఎవరూ కాపాడలే. దానంతట అదే లేచింది. కుంటుకుంట గుట్ట ఎనకాలే నడుస్తున్నది. గుట్ట ఏడాదికి ఒక్క అడుగే గదా ఏసేది. ఒకనాటికి అందుకుంటది. వచ్చి కాపరి ముందల నిలబడుతది. అక్క చెయ్యి ఎందుకు ఇడిసిందో దానికొక్కదానికే తెలుసు. గప్పుడు మైసి ఏమంటది? గదే పుస్తకం. గది రాస్తే, మైసిని ఎవ్వలు తిట్టరక్కా. మూడేండ్లు ఆగినోళ్లు ఇంకో మూడేండ్లయినా ఆగుతరు. నేను చెప్తున్న గదా."

శోభ కళ్లు మెరిశాయి. మూడేళ్లుగా ఎక్కడో మూసుకుపోయిన దారి కనిపించిన మనిషిలా గబగబా లేచి ఫోన్ అందుకుంది. మహేందర్ మొదటి రింగుకే ఎత్తాడు.

"సార్, నేను శోభను. రేపు అచ్చు మొదలువెట్టకుండ్రి... లేదు సార్. ఐతారం పుస్తకం రాదు."

అవతల నుంచి పెద్ద గొంతుతో ఏదేదో వినిపించింది. హాలు, అతిథులు, పేపర్లో వార్త. శోభ అంతా విన్నది. పోయిన సభల్లో ఆయన ఎదుట నిలబడి రెండు ముక్కలు మాట్లాడలేక చెంగు నలుపుకునే మనిషి, ఇప్పుడు నిటారుగా నిలబడి ఉంది.

"మీకు బాగున్నది సార్, నాకు తెలుసు. గని అండ్ల ఉన్నది అబద్ధం. నా పేరు మీద అబద్ధం పోనియ్య. సభ ఆపుడెందుకు, జరపుండ్రి. జనానికి నేనే చెప్త, మొదటి పుస్తకంల ఒక మాట తప్పు రాసిన అని. కొత్త అచ్చుల అట్ట మీద ఇద్దరి పేర్లుంటయ్." ఎల్లవ్వ వద్దన్నట్టు చేయి ఊపింది. శోభ లెక్కచేయలేదు. "ఆఁ సార్. ఇద్దరివే." ఫోన్ పెట్టేసింది.

ముగ్గురు ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. శోభ మొదట నవ్వింది. తర్వాత అతియా.

శోభ లోపలినుంచి కొత్త నోటుబుక్కు తెచ్చుకుని నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. "చెప్పు అత్తమ్మా. చిన్ని అచ్చి నిలబడ్డది. అక్క ఏమన్నది?"

ఎల్లవ్వ చరఖా చక్రం మీద చేయి పెట్టి, తిప్పకుండా ఉంచింది.

"చెప్పవ్వా," అంది అతియా. "కత నీదే గదా."

"కత నాదే. గని గంతవరకే ఉన్నది. ముంగటిది ఇంకా కాలే."

"కాకపోవుడేంది?"

ముసలామె తన కుడిచేతి వంక చూసుకుంది. "బుగ్గారంల నాకొక చెల్లె ఉన్నది. మొగిలవ్వ. గుట్ట లేదు ఏం లేదు, బాయి. మోటబాయి గడ్డ మీద ఆడుకుంటున్నం. నాకు పద్నాలుగేండ్లు, దానికి పది. జారింది. పట్టుకున్న." ఆ చేతి గుప్పిట మూసి, విప్పింది. "నువ్వన్నట్టే, బిడ్డా, దాని కాలు ఇరిగింది. గిప్పటికి కుంటుతనే నడుస్తదట. నేనే ఇడిసిన్నని అది ఎవ్వలకు చెప్పలే. నాతోని మాత్రం మల్ల మాట్లాడలే. యాభై ఆరేండ్లు."

శోభ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ ఇంటికి కోడలై ఇరవై మూడేళ్లు. అత్తకు ఒక చెల్లెలుందని ఆమెకు ఈ రోజు దాకా తెలియదు.

"ఎందుకు ఇడిసినవ్ అవ్వా?" అతియా చాలా మెల్లగా అడిగింది.

"గది మీకు చెప్పేది కాదు, బిడ్డా. దానికి చెప్పేది. రేపు నన్ను బుగ్గారం తీస్కపోతవా? అది ఏమంటదో, నేనేమంటనో, గప్పుడు రాసుకోండ్రి."

"పోదాం," అంది అతియా. రెండో ఆలోచన లేదు. "జగిత్యాల నుంచి బస్సున్నది. నేను తీస్కపోత."

అప్పుడు గమనించారు, పక్క షెడ్డులో సాంచాలు ఆగి ఉన్నాయని. ఎప్పుడు ఆగాయో ఎవరూ వినలేదు. వాకిట్లో సంపత్ నిలబడి ఉన్నాడు. ఒంటి నిండా దూది నూగు. చేతిలో నూనె గుడ్డ. చాలాసేపటి నుంచి వింటున్నవాడిలా ఉన్నాడు.

"బుగ్గారం పోవుడు ఎందుకమ్మా, చిన్నమ్మ ఏమంటదో నాకెరికె," అన్నాడు.

"నీకెట్ల తెలుసురా బుగ్గారం సంగతి?" ఎల్లవ్వ లేవబోయి గడప పట్టుకుంది.

"రెండేండ్ల సంది పోయస్తనే ఉన్న. నూలు పని అని చెప్పి." సంపత్ భార్య వంక చూడలేకపోయాడు. "నాయిన పోయేముందు చెప్పిండు, నీకొక చిన్నమ్మ ఉన్నదని. పోయిన. ఒక్కతే ఉంటది. నీ లెక్కనే కండ్లల్ల నీళ్లు రానియ్యదు." అతను నూనె గుడ్డను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అమ్మా, శోభ పుస్తకం నీకు ఎవ్వలు సదివి చెప్పలే గని, చిన్నమ్మకు నేను సదివి ఇనిపించిన. మొత్తం. చెయ్యి అందలేదు అన్న కాడికి అచ్చినంక నన్ను ఆపమన్నది."



"ఆపి?" అంది ఎల్లవ్వ. "ఆపి ఏమన్నదిరా?"

సంపత్ చెప్పడానికి నోరు తెరిచాడు. గడపను పట్టుకున్న తల్లి చేతిని చూశాడు. శోభను చూశాడు.

"శోభా, గా నోటుబుక్కు పక్కకు పెట్టు," అన్నాడు. "గిది రాసుకునే మాట కాదు."

ఆ మాటేంటో వచ్చే వారం.